మరమ్మతు చేసుకున్న వంతెన



మన విచారణల నుంచి ఏదో ఒక పనిమీద హైదరాబాదు వెళ్లి వచ్చినవారిలో చార్మినారు చూడనివారు తక్కువ. దానికి పడమరగా, మూసీనది మీద నిలిచి ఉన్న పురానాపూల్‌ను ఆగి చూసినవారు మాత్రం కొద్దిమందే. ఆ పేరుకు అర్థం పాత వంతెన అని. చెక్కిన రాయి, సున్నంతో కట్టిన ఆ వంతెనకు 22 కమానులు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు సుమారు 35 అడుగులు. గోల్కొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో దానిని కట్టించాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్న రాజు ఆయనే. గోల్కొండ కోట నుంచి అవతలి ఒడ్డుకు పోయే బాటసారులకూ వర్తకులకూ వానకాలంలో కూడా దారి దొరకాలన్నదే ఆ వంతెన పని.

ఒక సంగతి గమనించండి. వంతెన కట్టేనాటికి అవతలి ఒడ్డున హైదరాబాదు నగరం లేదు. చార్మినారూ లేదు. అవి 1591లో వచ్చాయి. అంటే వంతెన ముందు, నగరం తరువాత. దారి పడితేనే ఊరు పెరుగుతుంది. మన తల్లాడ సంగతే చూడండి. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే బాట, కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవిసీమకు పోయే బాట ఇక్కడ విడిపోతాయి కాబట్టే ఇది నలుగురూ కలిసే కూడలి అయింది. మనుషులు కలిసేచోట ఊరు పుడుతుంది. మనుషులు విడిపోయినచోట, ఎంత పెద్ద ఊరైనా లోలోపల ఎండిపోతుంది.

ఆ వంతెన గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. యువరాజు మహమ్మద్ కులీ నది అవతల ఉన్న భాగమతిని చూడటానికి పొంగే మూసీలోకి గుర్రాన్ని దూకించాడనీ, ఆ మాట విన్న తండ్రి గుండె ఆగక వంతెన కట్టించాడనీ చెబుతారు. చరిత్రకారులు దీనిని ఒప్పుకోరు. 1565లో పుట్టిన యువరాజు 1578 నాటికి పదమూడేళ్ల పిల్లవాడు మరి! అయినా జనం నాలుగు వందల ఏళ్లుగా ఈ కథనే ఎందుకు చెప్పుకుంటున్నారు? వరదలో పడిపోబోయే బిడ్డను చూసి ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడే తండ్రి ఉండడని వారికి తెలుసు. తండ్రి అయినవాడు దారి వేస్తాడు. మన పరలోకపు తండ్రి చేసిన పని ఇదే కదా! పాపమనే ఏరు మనకూ ఆయనకూ నడుమ పొంగినప్పుడు, ఈదుకుంటూ రమ్మని ఆయన మనతో అనలేదు. తన కుమారుని పంపి దారి వేశాడు. దేవునికీ మానవులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తుయేసు అని పునీత పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో బోధించింది ఈ సత్యాన్నే (1 తిమోతి 2:5).

కమాను ఎలా నిలుస్తుంది?

మనలో తాపీపని చేసేవారు ఉన్నారు. వారికి ఈ మాట తేలిగ్గా తెలుస్తుంది. కమానులో ఏ రాయికి ఆ రాయి కింద పడిపోవాలనే చూస్తుంది. కాని పడబోయే ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది. ఆ రాయి దాని పక్క రాయిని నొక్కుతుంది. ఇలా బరువంతా రాయి నుంచి రాయికి దిగి, చివరకు స్తంభంలోకి, స్తంభం నుంచి నేలలోకి పోతుంది. ఒక కమాను ఇటు తోస్తే, దాని పక్క కమాను అటు తోస్తుంది. ఆ రెండు తోపులూ సరితూగినందువల్ల మధ్యనున్న స్తంభం కదలదు. ఒక రాయి బలహీనతను ఇంకో రాయి మోయటమే కమాను బలం. ఏ రాయీ తనంతట తాను గాలిలో నిలవలేదు. అన్నీ కలిస్తే ఏనుగు నడిచినా కదలవు.

ఇందులో ఇంకొక రహస్యం ఉంది. కమాను కట్టేటప్పుడు కింద కొయ్యలతో సెంట్రింగు కడతారు. రెండు వైపుల నుంచి రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన చివరి రాయి బిగించేదాకా ఆ కొయ్యలే బరువు మోస్తాయి. ఆ నడిమి రాయి బిగిసిన తరువాతనే సెంట్రింగు తీస్తారు. అది లేకపోతే రెండు వైపులా ఎంత మంచి రాళ్లు పేర్చినా వంతెన కాదు, రెండు రాళ్లకుప్పలే. ఇల్లు కట్టువారు పనికిరాదని తోసివేసిన రాయే ముఖ్యమైన రాయి అయినదని కీర్తనకారుడు పాడింది (కీర్తన 118:22), ప్రభువు తనను గురించి చెప్పుకున్నది, ఆ రాయిని గురించే. ఆ మాటకు పునాది మూలరాయి అని మాత్రమే కాక, కట్టడం నెత్తిన బిగించే రాయి అని కూడా కొందరు పండితులు అర్థం చెబుతారు. ఆ అర్థంలో చూస్తే, భార్యాభర్తలనే రెండు వైపుల నడుమ, అన్నదమ్ములనే రెండు వైపుల నడుమ బిగిసి ఉండవలసిన రాయి క్రీస్తు ప్రభువే. పెద్దల భయం, లోకం ఏమనుకుంటుందో అన్న సిగ్గు కొంతకాలం సెంట్రింగులాగా కాపురాన్ని నిలబెట్టవచ్చు. కాని ఏదో ఒకనాడు ఆ కొయ్యలు తీయక తప్పదు. నాన్న పోతాడు, అమ్మ పోతుంది. ఆనాడు మధ్యలో ప్రభువు లేకపోతే ఏమి మిగులుతుంది?

మూడు వంతెనలు తెగిన రోజు

1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఇళ్లు వేల సంఖ్యలో కూలిపోయాయి. ఈనాడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ వరదలో అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. అవి మూడూ పురానాపూల్ తరువాత వచ్చినవే. నగరపు రెండు భాగాలనూ కలుపుతూ మిగిలింది అన్నిటికంటె పాతదైన పురానాపూల్ ఒక్కటే.

అయితే ఆ వంతెనకు ఏ దెబ్బా తగల్లేదు కాబోలు అనుకోకండి. 1908లో దానికీ గాయాలయ్యాయి. అంతకుముందు కూడా వరదలు దానిని దెబ్బతీశాయి. 1820లో సికందర్‌జా కాలంలో దానిని బాగుచేయించారు. 1908 తరువాత మళ్లీ బాగుచేశారు. అంటే 1578లో కట్టినందువల్ల మాత్రమే అది నిలవలేదు. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు రాయి, సున్నం పట్టుకుని దాని దగ్గరకు వెళ్లినందువల్ల నిలిచింది.

ఇప్పుడు ఇంకొక వంతెన సంగతి చెబుతాను. ఫ్రాన్సు దేశంలో ఆవిన్యోన్ అనే నగరం ఉంది. అక్కడ రోన్ నది మీద 1177లో ఒక వంతెన పని మొదలయింది. దానిని కట్టించినవాడు గొర్రెలు కాచుకునే బెనెజె అనే యువకుడు. వంతెన కట్టమని దైవస్వరం తనకు ఆజ్ఞాపించిందని అతడు నగరానికి వచ్చి చెబితే అందరూ నవ్వారట. ఆ బెనెజెను తిరుసభ పునీతునిగా గౌరవిస్తుంది. వంతెనలు కట్టేవారికి ఆయన పాలక పునీతుడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ వంతెనకు కూడా 22 కమానులే! కాని ఈనాడు వెళ్లి చూస్తే నాలుగే కనిపిస్తాయి. ఒడ్డున మొదలై, నది మధ్యకు వచ్చి, అక్కడ ఆగిపోతుంది. అవతలి ఒడ్డు చేరదు. వరద వచ్చినప్పుడల్లా కొన్ని కమానులు కొట్టుకుపోయేవి. చాలాకాలం మళ్లీ మళ్లీ కట్టారు. చివరకు 17వ శతాబ్దంలో విసిగిపోయి వదిలేశారు. ఆ తరువాత వరదలు తమ పని తాము చేసుకుపోయాయి.

ఒకటి సుల్తాను కట్టించినది. ఇంకొకటి పునీతుడు కట్టించినది. రెండింటికీ 22 కమానులు. నిలిచి ఉన్నది సుల్తాను వంతెన. ఎందుకని? పునీతుని భక్తి తక్కువైందనా? కాదు. ఒక వంతెనను తరువాతి తరాలు బాగుచేసుకున్నాయి. ఒకదానిని తరువాతి తరాలు వదిలేశాయి. ప్రియులారా, మన తాతలు గొప్ప విశ్వాసులు కావచ్చు. మన పెళ్లి దివ్యబలిపూజలో, గురువుల చేతులమీదుగా, ఎంతో వైభవంగా జరిగి ఉండవచ్చు. కాని కట్టడం ఒక్కనాటి పని, బాగుచేసుకోవటం ప్రతి తరం చేయవలసిన పని. జ్ఞానస్నానం ఒక్కసారే ఇచ్చిన ప్రభువు పాపసంకీర్తనాన్ని మాత్రం ఎన్నిసార్లయినా ఎందుకు ఉంచాడో ఇప్పుడు గ్రహించండి. అది మన ఆత్మకు మరమ్మతు.

వంతెన ఎక్కడ చెడుతుంది?

వంతెనలు సాధారణంగా పైన నడిచే బరువువల్ల కూలవు. కింద పారే నీరు స్తంభం మొదట్లోని ఇసుకను, మట్టిని కొంచెం కొంచెంగా తోడేస్తుంది. పైనుంచి చూసేవారికి ఏమీ తెలియదు. బండ్లు పోతూనే ఉంటాయి. ఒక వరదనాడు స్తంభం ఒరిగిపోతుంది. కుటుంబాలు కూడా అంతే. పెద్ద కష్టం వచ్చి విడిపోయే కుటుంబాలు తక్కువ. పెద్ద కష్టంలో నిజానికి అందరూ ఒకచోట చేరతారు. కింద తోడేసేవి వేరే ఉన్నాయి. భార్యకు చెప్పకుండా చేసిన అప్పు. రోజూ ఇంటికి తెచ్చే సారా వాసన. తోటికోడలి మీద చాటున అన్న మాట. తండ్రి ఆస్తి పంచుకునేటప్పుడు దాచిపెట్టిన ఒక కాగితం. ఇవి పైకి కనబడవు. ఆదివారం అందరూ గుడికి వస్తూనే ఉంటారు.

పాత కట్టడాలను చెరిచేది ఇంకొకటి ఉంది. రాళ్ల సందులో పడిన రావి విత్తనం. పిట్ట తెచ్చి వేస్తుంది. మొలకగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో పీకెయ్యవచ్చు. అయిదేళ్లు వదిలేస్తే దాని వేరు రాళ్లనే విడదీస్తుంది. అప్పుడు వేరు లాగితే రాయి కూడా ఊడివస్తుంది. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టండని పౌలు ఎఫెసీయులకు చెప్పటంలో (ఎఫెసీ 4:26) ఉన్న వివేకం ఇదే. ఆరోజు మొలకను ఆరోజే పీకెయ్యాలి.

మన విచారణలలో ఎన్ని తెగిన వంతెనలు ఉన్నాయో మనసులో లెక్కపెట్టుకోండి. మిరపచేను గట్టు దగ్గర జానెడు నేల కోసం పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు లేరా? తమ్ముని కూతురి పెళ్లికి వెళ్లని అన్న, అన్న శవం లేచేటప్పుడు వీధి చివర నిలబడి చూసి వెనుదిరిగిన తమ్ముడు లేరా? ఒకే బలిపీఠం ముందు మోకరించి, ఒకే దివ్యసత్ప్రసాదం అందుకుని, గుడి గడప దాటగానే కులం చూసుకుని రెండు గుంపులుగా విడిపోవటం మన మధ్య లేదా? అడవి అంచున పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి గుడిసె వేసుకున్నవారు మన చేలలో కూలికి వస్తారు. వారి చేత మిరపకాయలు కోయించుకుంటాం. వారి పిల్లల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ధనవంతుడు, లాజరుల కథ గుర్తు చేసుకోండి (లూకా 16:19-31). మరణం తరువాత ఇద్దరి నడుమ ఎవరూ దాటలేని అగాధం ఉందని అబ్రాహాము అంటాడు. ఆ అగాధం ఎప్పుడు తవ్వబడింది? చనిపోయిన తరువాత కాదు. లాజరు వాకిట పడి ఉన్న రోజులలోనే. అప్పుడు అది ఒక్క గడప వెడల్పే. ఒక్క అడుగు వేస్తే దాటేవాడు. ఆ అడుగు వేయనందుకే అది అగాధమయింది. దాటగలిగిన రోజులలో దాటాలి, ప్రియులారా. దాటలేని రోజు ఒకటి వస్తుంది.

వంతెన మీద రొట్టె

14వ శతాబ్దంలో జీవించిన సియెన్నాపురి పునీత కతరీనమ్మ తన గ్రంథంలో క్రీస్తునాథుని ఒక వంతెనగా వర్ణించింది. భూమికీ పరలోకానికీ నడుమ వేసిన వంతెన. నడిచి అలసిన బాటసారుల కోసం ఆ వంతెన మీద ఒక అంగడి ఉందనీ, అక్కడ జీవాహారం పెడతారనీ ఆ తల్లి చెబుతుంది. అది దివ్యసత్ప్రసాదమే. 1376లో కతరీనమ్మ కాలినడకలు, పడవ ప్రయాణాలు లెక్కచేయక ఒక నగరానికి వెళ్లి, అక్కడ ఉంటున్న 11వ గ్రెగరీ పోపుగారిని తిరిగి రోముకు రమ్మని బతిమాలింది. ఆ నగరం ఏదనుకున్నారు? బెనెజె వంతెన కట్టిన ఆవిన్యోనే! చదువులేని ఒక రంగులద్దేవాని కూతురు పోపుగారికీ రోముకూ నడుమ తానే వంతెన అయింది. కాబట్టి నేనెంతటివాడిని, నా మాట ఎవరు వింటారు అని ఎవరూ అనకండి. పోపుగారికి ఉన్న పాత బిరుదులలో ఒకటి లాటిను భాషలో వంతెన కట్టేవాడనే అర్థం ఇస్తుంది. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో పోపుగారు కూడా తమ మొదటి పలుకులలోనే వంతెనలు కట్టటానికి సహాయపడమని మనందరినీ కోరారు.

వంతెన కట్టటానికి మన మతంవాడే కానక్కరలేదని కూడా ప్రభువు మనకు చూపించాడు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఊళ్లమీద పడిన సంగతి మీకు తెలుసు. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టరు రాలేకపోయింది. చీకటి పడుతున్నది. అప్పుడు పొరుగు రాష్ట్రం నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక ముస్లిం సోదరుడు, జేసీబీ నడిపేవాడు, తన యంత్రాన్ని ఆ నీళ్లలోకి దించాడు. పోతే తనది ఒక్క ప్రాణం, తిరిగివస్తే తొమ్మిది ప్రాణాలు అని లెక్కవేసుకున్నాడని పత్రికలు రాశాయి. తొమ్మిది మందినీ తీసుకువచ్చాడు. మంచి సమరీయుని కథ రెండు వేల ఏళ్ల కిందటిది అనుకున్నాం. అది మన జిల్లాలో, మన కళ్లముందు జరిగింది. ఆ రాత్రి ఎవరూ అతని కులం అడగలేదు, మతం అడగలేదు. వరదలో అడగనివాటిని వరద తగ్గాక ఎందుకు అడుగుతున్నాం?

రాయి, సున్నం పట్టుకుని వెళ్లండి

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రాజీ అంటే అన్యాయాన్ని మూసిపెట్టడం కాదు. స్తంభం రాతినేలమీద నిలవకపోతే పైన ఎంత సున్నం పూసినా వంతెన నిలవదు. ఆ రాతినేల న్యాయం. భార్యను కొట్టేవాడు చేయి దించకుండా, తాగుడు మానకుండా, నీవే సర్దుకుపోవాలమ్మా అని ఆమెకు చెప్పటం వంతెన కట్టటం కాదు. ఆమెకు ముందు క్షేమం కావాలి, పెద్దల అండ కావాలి. అన్న భూమిని కలుపుకున్న తమ్ముడు గట్టు వెనక్కి జరపకుండా, మరచిపో అన్నయ్యా అంటే అది క్షమాపణ కాదు. జక్కయ్య ప్రభువును ఇంట్లోకి చేర్చుకుని భోజనం పెట్టి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). అప్పుడే ఆ ఇంటికి రక్షణ వచ్చింది.

ఈ వారం ప్రతి కుటుంబమూ మూడు పనులు చేయండి. మొదటిది, రాత్రి జపమాల ముగిసిన తరువాత, మనకు మాటలు లేని ఒక్క ఇంటి పేరు పైకి చెప్పి వారికోసం ఒక్క మంగళవార్త జపం చేయండి. పేరు పైకి చెప్పటమే కష్టం. చెప్పగలిగితే మొదటి రాయి పడినట్టే. రెండవది, మన వల్ల జరిగిన అన్యాయం ఉంటే, అది గజం నేలైనా, వంద రూపాయల కూలి బకాయైనా, ఆదివారంలోపు తీర్చండి. మూడవది, మీరే ముందు వెళ్లండి. అవతలివాడు ముందు రానీ అని ఇద్దరూ కూర్చుంటే, ఆవిన్యోను వంతెనలాగా నది మధ్యలో ఆగిపోతారు. కానుక పీఠం దగ్గర పెట్టినప్పుడు నీ సోదరునికి నీమీద ఏదో మనస్పర్థ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే ఉంచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు అన్నాడు (మత్తయి 5:23-24). తప్పు ఎవరిదని ఆయన అడగలేదు చూశారా? ఎవరికి గుర్తొస్తే వారే వెళ్లాలి.

వెళ్లినా అవతలి తలుపు తెరుచుకోకపోవచ్చు. బాధపడకండి. వంతెన ఒక్కరోజులో పూర్తికాదు. మీ ఒడ్డున మీ స్తంభం గట్టిగా నిలిపి ఉంచండి. నడిమి రాయి బిగించేవాడు ప్రభువు. ఆయన సిలువ మీద రెండు చేతులూ చాచి, ఒక చేత్తో తండ్రిని, ఇంకొక చేత్తో మనలను పట్టుకున్నాడు. ఆ చేతులకు మేకులు దిగినా ఆయన వదలలేదు.

ఓ ప్రభువా, మాకూ తండ్రికీ నడుమ దారివైన యేసువా, మా ఇళ్లలో తెగిన వంతెనలను నీవు ఎరుగుదువు. మా గర్వాన్ని కరిగించి, మా అడుగును ముందుకు నడిపించుము. మా విచారణలోని ప్రతి కుటుంబాన్నీ నీ ప్రేమతో బిగించుము. సమాధాన రాజ్ఞియైన మరియమాతా, మాకొరకు ప్రార్థించుము. ఆమెన్.